ప్యాకెట్ రేడియో నోడ్‌లో యూజర్లకు యాక్సెస్ ఎలా ఇవ్వాలి: ఎవరికి, ఏ దారిన, ఎంతవరకు

ప్యాకెట్ రేడియో అంటే హ్యామ్‌లు, అంటే లైసెన్సు ఉన్న అమెచ్యూర్ రేడియో వాళ్ళు, కంప్యూటర్ సందేశాలను చిన్న ప్యాకెట్లుగా రేడియోలో పంపుకోవడం; నోడ్ అంటే దానికి నలుగురూ కనెక్ట్ అయ్యే స్టేషన్. ఆ నోడ్ పెట్టడం ఒక ఆదివారం పని. ఒక రాస్ప్‌బెర్రీ పై, అటక మీద పడున్న పాత టూ మీటర్ బ్యాండు మొబైల్ రిగ్ (రేడియో సెట్టు), రెండింటి మధ్య ఒక యూఎస్‌బీ సౌండ్ కార్డు, పైలో డైర్ వుల్ఫ్ అనే సౌండ్ మోడెమ్ (డేటాని శబ్దంగా, శబ్దాన్ని డేటాగా మార్చే ప్రోగ్రాం), దాని మీద లిన్‌బీపీక్యూ నోడ్. సాయంత్రానికల్లా పక్క కాలనీ మిత్రుడు కనెక్ట్ అయి "బాగా వస్తోంది, 73" (హ్యామ్‌ల భాషలో శుభాకాంక్షలు) అని పంపేస్తాడు. అసలు పని సోమవారం మొదలవుతుంది. క్లబ్బులో ఇంకో పదిమంది "నాకూ యాక్సెస్ ఇవ్వండి" అంటారు. అందులో ఒకాయనకు అపార్ట్‌మెంట్ వాళ్ళు యాంటెన్నా పెట్టనివ్వరు, కాబట్టి నెట్ మీదుగానే రావాలి. ఒకరు మీరు ఊళ్ళో లేనప్పుడు నోడ్ చూసుకుంటానంటారు. ఇంకో కుర్రాడు లైసెన్సు పరీక్ష రాసి ఫలితం కోసం ఎదురు చూస్తున్నాడు. వీళ్ళందరికీ ఒకటే యూజర్‌నేమ్, ఒకటే పాస్‌వర్డ్ ఇచ్చేస్తే ఆ రోజుకి గడిచిపోతుంది గానీ, తర్వాత మీ స్టేషన్ నుంచి ఏం బయటికి వెళ్ళిందో, ఎవరు పంపారో మీకే తెలియని పరిస్థితి వస్తుంది. లైసెన్సు మీ పేరు మీద ఉంది కాబట్టి జవాబు చెప్పాల్సింది మాత్రం మీరే.

కాబట్టి నేను చేసే పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ లిన్‌బీపీక్యూ అనుకుంటున్నాను, అంటే బ్రిటన్ హ్యామ్ జాన్ వైజ్‌మన్ (జీ8బీపీక్యూ) రాసిన బీపీక్యూ నోడ్‌కి లినక్స్ రూపం. మీరు వేరే నోడ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నా పద్ధతి పెద్దగా మారదు. కాన్ఫిగ్ ఫైల్‌లోని కీవర్డ్‌లను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను, ఫైల్‌లో మాత్రం అవి ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఉంటాయి.

గాలిలో తాళం లేదు

ఇది మనసులో పెట్టుకోకుండా కాన్ఫిగ్ ఫైల్ తెరవకండి. ఏఎక్స్.25 (ప్యాకెట్ రేడియో వాడే ప్రోటోకాల్) ఫ్రేమ్‌లో, అంటే ఒక్కో ప్యాకెట్‌లో, పంపినవారి కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే స్టేషన్ పేరు), అందుకోవలసినవారి కాల్‌సైన్, లోపలి సందేశం, అన్నీ తెరిచే ఉంటాయి. ఒక చిన్న ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించే రేడియో రిసీవర్), డైర్ వుల్ఫ్ ఉన్నవాళ్ళెవరైనా మీ ఫ్రీక్వెన్సీలో కూర్చుని మొత్తం చదివేయొచ్చు. మరి ఎన్‌క్రిప్ట్ చేద్దామా అంటే అది కుదరదు. అంతర్జాతీయ రేడియో నిబంధనల 25వ ఆర్టికల్ ప్రకారం దేశాల మధ్య అమెచ్యూర్ ప్రసారాలను అర్థం దాచే ఉద్దేశంతో కోడ్ చేయకూడదు. మన దగ్గరా ప్లెయిన్ లాంగ్వేజ్ అనేదే పద్ధతి.

ఇంకోటి, రేడియోలో కాల్‌సైన్ అనేది పేరు మాత్రమే, సంతకం కాదు. నా కాల్‌సైన్‌ని మీరు మీ టెర్మినల్‌లో టైప్ చేసుకుంటే ఆపేది ఏదీ లేదు. ఈ రెండూ కలిపి చూస్తే మన పని తేటగా తేలుతుంది. రేడియో నుంచి వచ్చేవాళ్ళకు నిరూపణ అవసరం లేని పనులు మాత్రమే వదలాలి. పాస్‌వర్డ్ అవసరమయ్యే పనులు తీగ మీదకో, వైఫై మీదకో, వీపీఎన్ మీదకో పెట్టాలి. పాస్‌వర్డ్‌ని మామూలుగా టైప్ చేసి గాలిలోకి పంపే పరిస్థితి ఎప్పుడూ రానివ్వకూడదు. కింద రాసేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు కాగితం మీద

కంప్యూటర్ ముట్టుకోకముందే ఒక కాగితం మీద అడ్డంగా గళ్ళు గీయండి. పేరు, కాల్‌సైన్, లైసెన్సు ఎప్పటిదాకా ఉంది, ఏ దారిన వస్తారు (రేడియో, టెల్నెట్ అంటే నెట్‌వర్క్ మీదుగా లాగిన్, రెండూ), ఏం చేయొచ్చు (చదవడం, సందేశం పంపడం, నోడ్ నిర్వహణ). లైసెన్సు కాపీ కళ్ళతో చూడండి. స్నేహితుడే కదా అని వదిలేయొద్దు. అడిగితే ఎవరూ నొచ్చుకోరు, నొచ్చుకున్నా అడగాల్సిందే. మన దగ్గర రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి వీయూ3తో, జనరల్ గ్రేడ్‌కి వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్లు ఇస్తారు. గ్రేడ్ ఏదైనా ఆ లైసెన్సు మీద రాసిన బ్యాండు, పవర్, ప్రసార విధానం చదివి, వాళ్ళు చేయబోయేది అందులోకి వస్తుందో లేదో ఇద్దరూ కలిసి చూసుకోండి. టూ మీటర్ అంటే మనకు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకే. అమెరికా గైడ్లు చూసి 147 అని రాసుకునేవాళ్ళను చూశాను, వాళ్ళ బ్యాండు 148 దాకా ఉంది, మనది కాదు.

పరీక్ష రాసి ఎదురు చూస్తున్న కుర్రాడికి ఖాతా ఇవ్వకండి. అతన్ని స్టేషన్‌కి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. మానిటర్ తెరమీద ఫ్రేమ్‌లు ఒక్కొక్కటే వచ్చి పడుతుంటే చూసి నేర్చుకునేది చాలా ఉంది.

ఎస్‌ఎస్‌ఐడీలు పంచడం

ఒక కాల్‌సైన్ వెనక 0 నుంచి 15 వరకు ఎస్‌ఎస్‌ఐడీలు (కాల్‌సైన్ చివర చేర్చే అంకెలు) పెట్టుకోవచ్చు, అంటే ఒకే లైసెన్సు కింద 16 చిరునామాలు. నోడ్‌కి 7, బీబీఎస్‌కి (సందేశాలు దాచి అందించే మెయిల్‌బాక్స్) 2, చాట్‌కి 4, ఇలా మీకు గుర్తుండే అంకెలు ఎంచుకోండి, ఇవే ఉండాలని ఏ నిబంధనా లేదు. మీరు యూజర్‌గా వాడే 0 మాత్రం నోడ్‌కి ఇవ్వొద్దు, మీ హ్యాండీ (చేతి రేడియో) నుంచి మీ నోడ్‌కే కనెక్ట్ అవ్వాలనుకున్నప్పుడు ఇబ్బంది పడతారు.

ఫైల్‌లో నోడ్‌కాల్ అనే లైను దగ్గర కాల్‌సైన్, 7 రాయండి. నోడ్‌ఏలియాస్ దగ్గర ఆరు అక్షరాలకు మించని పేరు, ఊరు గుర్తొచ్చేలా. తర్వాత అప్లికేషన్ లైనులో బీబీఎస్‌కి విడిగా కాల్‌సైన్, ఏలియాస్ ఇవ్వండి. ఇలా చేస్తే కొత్త యూజర్ నోడ్ ప్రాంప్ట్ దగ్గర తికమకపడకుండా నేరుగా బీబీఎస్‌కే కనెక్ట్ అవుతారు. పెద్దవాళ్ళకి, కొత్తవాళ్ళకి ఇదే నయం.

రేడియో దారి

డైర్ వుల్ఫ్ గురించి క్లుప్తంగా చెప్తాను. 1200 బాడ్, పీటీటీకి (రిగ్‌ని ప్రసారంలో పెట్టే స్విచ్) పై మీది జీపీఐఓ పిన్ గానీ సౌండ్ కార్డులోనే ఉండే పీటీటీ గానీ వాడండి, వాక్స్ (శబ్దం వినగానే రిగ్ తానే ప్రసారానికి మారడం) మీద ఆధారపడొద్దు, మాట అయిపోయాక కూడా వాక్స్ రిగ్‌ని కాసేపు పట్టుకునే ఉంటుంది, ఆలోపు అవతలి స్టేషన్ జవాబు పంపేసి ఉంటుంది. వచ్చే ఆడియో లెవెల్ డైర్ వుల్ఫ్ తెరమీద 50 దగ్గర్లో కనబడేలా సర్దండి. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు శబ్దాన్ని ఆపేది) పూర్తిగా తెరిచి ఉంచండి. నోడ్ దీనితో 8001 టీసీపీ పోర్టులో కిస్ అనే మోడెమ్ ప్రోటోకాల్‌లో మాట్లాడుతుంది.

ఇక అసలు సంగతి, ఛానల్ పంచుకోవడం. 1200 బిట్లు అంటే సెకనుకు 150 బైట్లు, అదీ అంతా సవ్యంగా ఉంటేనే. 120 బైట్ల ప్యాకెట్ ఒకటి, చిరునామాలు వగైరా కలుపుకుని, గాలిలో దాదాపు ఒక సెకను ఉంటుంది. దానికి ముందు రిగ్ కీ అయి నిలదొక్కుకోడానికి 300 మిల్లీసెకన్లు. అవతలి నుంచి అందిందని జవాబు రావాలి, దానికీ రిగ్ కీ అవ్వడానికి మళ్ళీ అంతే. ఇలా చూస్తే రెండు కిలోబైట్ల సందేశం ఒకరు చదవడానికే అర నిమిషం పైన పోతుంది. ఆ అర నిమిషంలో ఇంకో నలుగురు కూడా అడుగుతుంటే ఏం జరుగుతుందో ఊహించండి.

దీనికి తోడు మౌలాలి వైపు ఒక యూజర్, పటాన్‌చెరు వైపు ఒక యూజర్ ఉన్నారనుకోండి. గుట్ట మీదున్న మీ నోడ్‌ని ఇద్దరూ వింటారు, కానీ ఒకరిని ఒకరు వినలేరు. ఛానల్ ఖాళీగా ఉందనుకుని ఇద్దరూ ఒకేసారి పంపుతారు, నోడ్ దగ్గర రెండూ కలిసి ఏదీ అర్థం కాకుండా పోతుంది. మళ్ళీ పంపుతారు, మళ్ళీ గుద్దుకుంటాయి. కాబట్టి యాక్సెస్ ఇవ్వడమంటే ఈ నంబర్లు సరిగ్గా పెట్టడం కూడా. వీటిని పట్టించుకోకపోతే అందరికీ అనుమతి ఉంటుంది గానీ ఎవరికీ పని జరగదు.

నేను మొదలుపెట్టే విలువలు ఇవి: టీఎక్స్‌డిలే 300 (రిగ్ కీ అయ్యాక ఆగే మిల్లీసెకన్లు), స్లాట్‌టైమ్ 100 (ఒక్కో స్లాట్ ఎన్ని మిల్లీసెకన్లో), పర్సిస్ట్ 63, పాక్‌లెన్ 120 (ఒక ప్యాకెట్‌లో బైట్లు), మాక్స్‌ఫ్రేమ్ 2 (జవాబు కోసం ఆగకుండా పంపే ప్యాకెట్లు), ఫ్రాక్ 7000 (జవాబు కోసం ఆగే మిల్లీసెకన్లు), రీట్రైస్ 10 (ఎన్నిసార్లు ప్రయత్నించాలో). పర్సిస్ట్ 63 అంటే ఛానల్ ఖాళీ అయిన ప్రతి స్లాట్‌లో పంపే అవకాశం నాలుగింట ఒక వంతు, మిగతా మూడు వంతులు ఆగి ఇతరులకు చోటివ్వడం. యూజర్లు పెరిగితే దీన్ని ఇంకా తగ్గించండి. ఇవే విలువలు యూజర్లందరి దగ్గరా ఉండాలి, ఒక్కరు 255 పెట్టుకున్నా ఆ ఒక్కరే ఛానల్ మొత్తం ఆక్రమిస్తారు. సిగ్నల్ బలహీనంగా ఉన్నవాళ్ళకి పాక్‌లెన్ 60 లేదా 80 పెట్టమని చెప్పండి, చిన్న ప్యాకెట్ చెడిపోయే అవకాశం తక్కువ, చెడినా మళ్ళీ పంపడం తేలిక.

ఇప్పుడు అదుపు చేసే లైన్లు, ఇవీ పోర్టు విభాగంలోనే ఉంటాయి. యూజర్స్ అనే లైనులో ఒకేసారి ఎంతమంది ఉండొచ్చో రాయండి. 0 అంటే హద్దు లేదని, నేను 4 పెడతాను. నలుగురి తర్వాత వచ్చినవారు కాసేపు ఆగాలి, కానీ లోపలున్న నలుగురికి పని జరుగుతుంది. డిజిఫ్లాగ్ మీ నోడ్ ఇతరుల ఫ్రేమ్‌లను తిరిగి ప్రసారం చేయాలా వద్దా అనేది: 0 అయితే చేయదు, 1 అయితే అన్నీ, 255 అయితే కనెక్షన్ లేని యూఐ ఫ్రేమ్‌లు మాత్రమే. నోడ్ ఉన్నచోట 0 చాలు. వేరే ఊరి నోడ్‌తో కలిపే రేడియో మీకు విడిగా ఉంటే ఆ పోర్టుకి ఎల్3ఓన్లీ 1 పెట్టండి, అప్పుడు యూజర్లు ఆ లింకు మీదకెక్కి నేరుగా కనెక్షన్లు తెరవలేరు, నోడ్‌ల మధ్య రాకపోకలకే అది మిగులుతుంది.

వ్యాలిడ్‌కాల్స్ అని ఇంకో లైను ఉంది. అందులో కాల్‌సైన్లు రాస్తే ఆ పోర్టులో వాళ్ళకి తప్ప ఎవరికీ నోడ్ పలకదు. చాలామంది దీన్ని చూడగానే పదిమంది పేర్లూ రాసేస్తారు. నేను వద్దంటాను. పైన చెప్పినట్టు కాల్‌సైన్ ఎవరైనా పెట్టుకోవచ్చు కాబట్టి దీనితో భద్రత రాదు. పైగా కారులో విజయవాడ నుంచి వస్తూ మీ నోడ్ విన్న కొత్త హ్యామ్ కనెక్ట్ అవుదామంటే జవాబే రాదు. అమెచ్యూర్ నోడ్ అనేది లైసెన్సు ఉన్న ఏ హ్యామ్‌కైనా తలుపు తీసే చోటు. ఏదైనా డ్రిల్ నడుస్తూ ఛానల్‌ని కొద్దిమందికే ఉంచాల్సిన రోజున మాత్రం ఈ లైను బాగా పనికొస్తుంది, అయిపోగానే తీసేయండి.

టెల్నెట్ దారి, ఇక్కడే జాగ్రత్త

టెల్నెట్ డ్రైవర్ పోర్టులో టీసీపీపోర్ట్ 8010, వెబ్ పేజీకి హెచ్‌టీటీపీపోర్ట్ 8008 అని పెట్టుకోవడం వాడుక. కింద ఒక్కో యూజర్‌కి ఒక్కో యూజర్ లైను. అందులో కామాలతో విడిపోయిన ఐదు గళ్ళు: యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, కాల్‌సైన్, లాగిన్ అవగానే తీసుకెళ్ళాల్సిన అప్లికేషన్, చివర్లో కావాలంటే సిస్ఆప్ (నోడ్ నిర్వాహకులు) అనే మాట. నాలుగో గడిలో బీబీఎస్ అని రాస్తే ఆ మనిషి సరాసరి బీబీఎస్‌లో దిగుతారు. ఐదో గడి ఖాళీగా ఉంచితే మామూలు యూజర్.

మూడో గడి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. టెల్నెట్‌లో లాగిన్ అయిన మనిషి అక్కడి నుంచి రేడియో పోర్టు మీదకెక్కి ఇంకో స్టేషన్‌కి కనెక్ట్ అయితే, గాలిలోకి వెళ్ళేది ఆ మూడో గడిలో మీరు రాసిన కాల్‌సైనే. ఎస్‌ఎస్‌ఐడీ మాత్రం 15 లోంచి తీసివేసి పెడుతుంది, అంటే 0 ఉన్నవారు 15గా కనబడతారు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. ఒక కాలేజీలో డెమో కోసం గెస్ట్ అనే యూజర్‌నేమ్, అదే పాస్‌వర్డ్, మూడో గడిలో నా కాల్‌సైన్ పెట్టాను. డెమో బాగా జరిగింది, ఆ లైను తీయడం మర్చిపోయాను, రౌటర్‌లో 8010 బయటికి తెరిచే ఉంది. పది రోజుల తర్వాత రాత్రి టీ తాగుతూ కూర్చుంటే రిగ్ ఎర్ర దీపం వెలిగింది. మళ్ళీ వెలిగింది. నేనేమీ పంపడం లేదు. మానిటర్ చూస్తే నా కాల్‌సైన్, పక్కన 15, ఎవరికో కనెక్ట్ రిక్వెస్ట్, ఏడు సెకన్లకొకసారి, పదిసార్లు. ఎవరో నెట్ నుంచి గెస్ట్‌గా లోపలికొచ్చి, హెల్ప్ చదివి, కమాండ్లు ప్రయత్నిస్తున్నారు. వాళ్ళకి తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, లైసెన్సు ఉందో లేదో తెలియని మనిషి నా ట్రాన్స్‌మీటర్ నొక్కుతున్నారు, నా పేరు మీద. రిగ్ పవర్ తీసేసి, ఆ రాత్రంతా లాగ్‌లు చదివాను. చేతులు వణికాయి, అబద్ధం ఎందుకు.

అప్పటి నుంచి ఈ పద్ధతి తప్పను. ఒక మనిషికి ఒక లైను, మూడో గడిలో వాళ్ళ కాల్‌సైనే, ఇంకెవరిదీ కాదు. గెస్ట్, టెస్ట్, డెమో లాంటి ఖాతాలు ఉండవు. డెమో ఇవ్వాలంటే నేనే లాగిన్ అయి చూపిస్తాను. పాస్‌వర్డ్ కనీసం 12 అక్షరాలు, నేను తయారుచేసి చేతికిస్తాను, ఎందుకంటే వాళ్ళని ఎంచుకోమంటే బ్యాంకుకి వాడేదే ఇస్తారు, ఈ ఫైల్‌లో పాస్‌వర్డ్‌లు ఉన్నదున్నట్టు కనబడుతూ ఉంటాయి. అందుకే ఫైల్ పర్మిషన్ 600 (సొంతదారు తప్ప ఇతర యూజర్లు చదవలేరు) చేసి పెట్టండి, ఫైల్ కాపీని ఎవరికీ వాట్సాప్‌లో పంపకండి. లాగింగ్ 1 ఉంచండి. మాక్స్‌సెషన్స్ 10 చాలు.

8010, 8008 రెంటినీ రౌటర్‌లో బయటికి తెరవొద్దు. బయటి నుంచి రావాల్సినవాళ్ళకి వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టండి. ఇంటర్నెట్ మీద ఎన్‌క్రిప్షన్‌కి ఏ అభ్యంతరమూ లేదు, రేడియో దగ్గరే అది ఆగిపోవాలి. అయితే నెట్‌నీ రేడియోనీ కలిపే ముందు మీ లైసెన్సు షరతులు దానికి ఒప్పుకుంటాయో లేదో చూసుకోండి. సందేహం ఉంటే టెల్నెట్‌ని ఇంటి వైఫై వరకే ఉంచేయండి, నోడ్ నడవడానికి నెట్ అవసరమే లేదు.

బీబీఎస్‌లో ఎవరికి ఏది

లిన్‌బీపీక్యూ వెబ్ పేజీలో మెయిల్ నిర్వహణలోకి వెళ్తే యూజర్ల జాబితా ఉంటుంది. రేడియోలో మొదటిసారి కనెక్ట్ అయిన ప్రతివారి పేరూ అక్కడ దానంతట అదే చేరుతుంది. కొత్తవాళ్ళు రాసిన సందేశాలను మీరు చూసి వదిలేదాకా ఆపి ఉంచే ఏర్పాటు ఉంది, దాన్ని తీసేయొద్దు. రోజూ రెండు నిమిషాలు చూస్తే చాలు. మనిషి ఎవరో తెలిశాక, వాళ్ళ ఖాతాలో హోల్డ్ మెసేజెస్ టిక్ తీసేయండి.

అదే చోట ఎక్స్‌క్లూడెడ్ అనే టిక్ ఉంది, అది పెడితే ఆ కాల్‌సైన్‌కి బీబీఎస్ పలకదు. దీన్ని కోపంలో వాడకండి. ముందు ఫోన్ చేయండి, ఎందుకంటే ఆ కాల్‌సైన్‌తో వస్తున్నది ఆయనే అని రేడియోలో మీకు రుజువు లేదు. బీబీఎస్ అనే టిక్ మాత్రం మనుషులకి కాదు, మీ బీబీఎస్‌తో మెయిల్ మార్చుకునే ఇంకో బీబీఎస్ స్టేషన్‌కి. పొరపాటున ఒక యూజర్‌కి అది పెడితే వాళ్ళకి మామూలు ప్రాంప్ట్ కాకుండా యంత్రాలు మాట్లాడుకునే భాష కనబడుతుంది, "మీ నోడ్ పాడైంది" అని ఫోన్ వస్తుంది. సిస్ఆప్ టిక్ ఇద్దరికి, మీకూ మీకు తోడుగా ఉండేవారికీ. ముగ్గురు దాటితే ఎవరు ఏం మార్చారో లెక్క ఉండదు.

రేడియో మీదుగా సిస్ఆప్ అవ్వాలంటే

ఈ భాగం నాకు ఎంతో ఇష్టం. మీరు ఊరవతల ఉన్నారు, నెట్ లేదు, హ్యాండీతో నోడ్‌కి చేరారు, ఏదో సరిచేయాలి. పాస్‌వర్డ్ టైప్ చేస్తే అందరూ వింటారు. దీనికి 1980ల నాటి నోడ్ సాఫ్ట్‌వేర్ల నుంచి వస్తున్న ఒక తెలివైన దారి ఉంది. ఫైల్‌లో పాస్‌వర్డ్ అనే లైనులో ఒక పొడవైన అక్షరాల వరస రాసిపెట్టుకోండి. నోడ్‌కి కనెక్ట్ అయ్యాక పాస్‌వర్డ్ అనే కమాండ్ ఇస్తే అది ఐదు అంకెలు పంపుతుంది. మీ వరసలో ఆ స్థానాల్లో ఉన్న ఐదు అక్షరాలు తిరిగి పంపాలి. అంతే.

తేలికగా అర్థం కావడానికి గోదావరి అనే మాట తీసుకుందాం, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే జి, ఓ, డి, ఏ, వి, ఏ, ఆర్, ఐ, మొత్తం ఎనిమిది. నోడ్ 5 1 8 3 7 అని అడిగింది. ఐదోది వి, ఒకటోది జి, ఎనిమిదోది ఐ, మూడోది డి, ఏడోది ఆర్. ఆ ఐదూ కలిపి పంపుతారు. విన్నవాళ్ళకి ఆ ఐదు అక్షరాలే తెలుస్తాయి, వచ్చేసారి నోడ్ వేరే అంకెలు అడుగుతుంది. ఇక్కడ ఏదీ ఎన్‌క్రిప్ట్ కాలేదు, నిబంధన నిలబడింది, రహస్యమూ నిలబడింది.

అయితే ఎనిమిది అక్షరాలతో పెట్టుకుంటే ఇక్కడే రెండు లాగిన్లలో అంతా బయటపడుతుంది. వరస కనీసం 60 అక్షరాలు ఉండాలి. సామెత, పద్యం, పాట పల్లవి వద్దు, కొన్ని అక్షరాలు తెలియగానే మిగతాది ఎవరైనా పూరిస్తారు. అర్థం లేని అక్షరాల వరస రాసి, పదేసి అక్షరాలకి ఒక గీత గీసి, కింద అంకెలు వేసి, చిన్న కార్డు మీద పర్సులో పెట్టుకోండి. చీకట్లో 47వ అక్షరం లెక్కపెట్టడం ఎంత కష్టమో చేసి చూస్తే గానీ తెలియదు. తెలుగు లిపిలో పెట్టకండి, ఒక్కో తెలుగు అక్షరం యూనికోడ్‌లో కనీసం మూడు బైట్లు తీసుకుంటుంది, స్థానాల లెక్క తప్పుతుంది.

యూజర్‌కి ఏం చెప్పాలి

ఖాతా ఇచ్చి వదిలేస్తే వాళ్ళు ఒకసారి ప్రయత్నించి మానేస్తారు. ఒక కాగితం ఇవ్వండి: ఫ్రీక్వెన్సీ, బీబీఎస్ కాల్‌సైన్, పైన చెప్పిన టైమింగ్ విలువలు, నాలుగు కమాండ్లు. ఎల్ అంటే జాబితా, ఆర్ పక్కన నంబరు పెడితే ఆ సందేశం చదవడం, ఎస్‌పీ పక్కన కాల్‌సైన్ పెడితే వ్యక్తిగత సందేశం, బి అంటే వెళ్ళిపోవడం. "వ్యక్తిగతం" అన్న మాట కింద గీత గీసి, దీన్ని రేడియోలో అందరూ వినగలరని రాయండి. ఫోన్ నంబర్లు, ఆధార్, ఇంటి సంగతులు ఇందులో రాయొద్దని నోటితో కూడా చెప్పండి.

తెలుగులో రాయొచ్చా అని తప్పకుండా అడుగుతారు. రాయొచ్చు, అవతలివారి టెర్మినల్ యూటీఎఫ్-8 అయితే శుభ్రంగా కనబడుతుంది. నమస్కారం అనే మాట 24 బైట్లు, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 10. సెకనుకు 150 బైట్ల దారిలో ఇది తేడానే, అయినా అమ్మకి అర్థమయ్యే భాషలో వార్త అందాలంటే ఆ కొన్ని సెకన్లు ఖర్చు పెట్టొచ్చని నా అభిప్రాయం. నోడ్ స్వాగత వాక్యం మాత్రం రెండు లైన్లు దాటనివ్వకండి. 300 తెలుగు అక్షరాల స్వాగతం అంటే కనీసం 900 బైట్లు, ప్రతి యూజర్‌కీ, ప్రతి కనెక్షన్‌కీ ఆరు సెకన్లు వృథా.

పరీక్షించడం, తర్వాత చూసుకోవడం

అన్నీ పెట్టాక మీ ఖాతాతో పరీక్షిస్తే చాలదు, మీకు అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి. మామూలు యూజర్ ఒకరిని పక్కన పెట్టుకుని వాళ్ళ ఖాతాతో చూడండి. టెల్నెట్‌లో తప్పు పాస్‌వర్డ్ ఇస్తే బయటికి పంపుతోందా? సిస్ఆప్ కమాండ్ ఇస్తే నిరాకరిస్తోందా? మొబైల్ డేటా మీద, వీపీఎన్ ఆపేసి, 8010 తెరుచుకుంటోందా? ఐదో యూజర్ రేడియోలో వస్తే బిజీ అంటోందా? ఎవరైనా కనెక్ట్ అయి మర్చిపోతే ఐడిల్‌టైమ్ లెక్క ప్రకారం విడిపోతోందా? 900 సెకన్లు ఇస్తే పావుగంట, రద్దీ ఛానల్‌కి అది ఎక్కువ, నేను 600 పెడతాను.

నోడ్‌లో ఎంహెచ్ కమాండ్ పక్కన పోర్టు నంబరు కొడితే ఈమధ్య వినబడిన స్టేషన్లు వస్తాయి. వారానికోసారి అది చూసి మీ కాగితంతో పోల్చండి. కొత్త కాల్‌సైన్ కనబడితే సంతోషం, వెతికి పట్టుకుని పలకరించండి. పాత కాల్‌సైన్ ఒకటి చాలాకాలంగా లేదంటే ఫోన్ చేయండి, రిగ్ పాడై ఉండొచ్చు, సాయం చేయొచ్చు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో తీరం దాటినప్పుడు ఫోన్లూ కరెంటూ పోయి ఊరు ఊరంతా ఎలా మూగబోయిందో అక్కడివాళ్ళకి గుర్తే. అలాంటి రోజు మీ నోడ్ బ్యాటరీ మీద నడుస్తూ ఉండాలి, యూజర్లకి కమాండ్లు చేతికి అలవాటై ఉండాలి. అందుకని నెలకోసారి ఇంటర్నెట్ తీగ పీకేసి, మెయిన్ స్విచ్ కట్టేసి, 12 వోల్టుల బ్యాటరీ మీద ఒక గంట నడపండి. ఆ గంటలో ప్రతి యూజర్ ఒక సందేశం పంపి, ఒకటి చదవాలి. ఎవరు చేయలేకపోయారో రాసుకుని, ఆ ఆదివారం వాళ్ళింటికెళ్ళి రిగ్ దగ్గర కూర్చోండి. వెళ్ళేటప్పుడు కాగితం తీసుకెళ్ళండి, లైసెన్సు గడువు గడి కూడా ఒకసారి చూసినట్టవుతుంది.